చెన్నపట్టణపు తెలుగు వర్తకుడును, పోలీసు హింసల విచారణసంఘమును (1854–1855)

క్రీ. శ. 1859వ సంవత్సరమునకు పూర్వము, చెన్నపట్టణమును మినహాయించినచో, చెన్నరాజధాని జిల్లాలలో పోలీసు అను పేర ప్రత్యేకమైన ఉద్యోగవర్గము లేదు. సర్ టామస్ మన్రో సలహాపై కుంఫిణీ ప్రభుత్వమువారు 1816లో చేసిన 11వ రెగ్యులేషను ప్రకారము జిల్లా కలెక్టరే మేజిస్ట్రేటు. అతని క్రిందనున్న తాసీల్దారే తాలూకాకు పోలీసు అధికారి. గ్రామమున పెద్దరెడ్డియో, మునసబో పోలీసు పెద్ద; అతనికి లోబడి తలారి. కచ్చేరీలో డవాలి వేసికొని తిరుగు బంట్రోతు ఉదయమున శిస్తు బాకీదారును పట్టి తెచ్చును. సాయంకాలమున దొంగతనము మోపబడినవానిని పట్టి తెచ్చును. ఇరువురును ఒకే చావడిలో, ఒకే చేతులలో పడెడివారు.

అంతకుముందు 1802 మొదలుకొని దరోగాలను నియమించి చూచిరి. ఆ పద్ధతి వ్యయకరమనియు, దేశాచారమునకు విరుద్ధమనియు మన్రో వాదించి, గ్రామోద్యోగులకును తాసీల్దారులకును ఆ యధికారము నిప్పించెను. ఆయన వాదములో కొంత నిజము లేకపోలేదు. దరోగా పరాయివాడు, తలారి ఊరివాడు. కాని శిస్తు వసూలుచేయు చేతికే నేరస్థుని పట్టు కఱ్ఱను గూడ నిచ్చిన పిమ్మట, ఆ చేతిని పట్టుకొని ఆపువాడు తాలూకాలో మఱియొకడు లేకపోయెను. దీని ఫలము తరువాతి నలువది సంవత్సరములలో కనబడినది.

ఈ చరిత్ర నేటి ఆంధ్రదేశమునకే సంబంధించినది కాదు. నాటి రాజధానిలో గంజాము మొదలు తిరునల్వేలి వఱకును, బళ్ళారి మొదలు నెల్లూరు వఱకును ఈ యొక్క రెగ్యులేషనే అమలులో నుండెను. బరంపురము, ఛత్రపురము ప్రాంతములు 1936లో ఒరిస్సాలో చేరినవి. బళ్ళారి 1953లో మైసూరులో చేరినది. ఉత్తరార్కాడు, సేలము, కోయంబత్తూరు జిల్లాలలో తరతరములుగా కాపురమున్న తెలుగువారు తమిళనాడున నిలిచిపోయిరి. నేడు వేర్వేరు రాష్ట్రముల పౌరులైన వీరందఱి తాతముత్తాతలును ఒకే తాసీల్దారు కచ్చేరీ పద్ధతి నెఱిగినవారు. యానాము మాత్రము ఫ్రెంచివారి పాలనలో నుండుటచే ఈ చరిత్రకు వెలుపల నున్నది.

రైతులు కచ్చేరీని ఎట్లు చూచెడివారో తెలిసికొనుటకు 1855 నాటి విచారణసంఘపు నివేదిక గొప్ప ఆధారము. అందు శిస్తు వసూలునకు వాడబడిన పద్ధతులు ఒక జాబితాగా కలవు. బాకీదారుని ఎండలో నిలువబెట్టుట. భోజనమునకును కాలకృత్యములకును పోనీయకుండుట. పశువులను మేతకు విడువక ఇంటిలోనే కట్టివేయించుట. బంట్రోతును ఇంటిమీద కూర్చుండబెట్టి వాని బత్తెమును బాకీదారుచేతనే ఇప్పించుట. మోకాళ్ళ వెనుక ఇటుకముక్కలుంచి గొంతుకూర్చుండబెట్టుట. ఇద్దఱు బాకీదారుల జుట్టులు ముడివేయుట. జుట్టును గాడిదతోకకో, దున్నతోకకో కట్టుట. మెడలో ఎముకల దండ వేయుట. వీనిలో పెక్కింటికి దేహబాధ కంటె అవమానమే ప్రధానము. ఊరిలో మానముగల గృహస్థునకు ఎముకల దండ యెట్టిదో చెప్పనక్కఱలేదు. ఇవిగాక తమిళ జిల్లాలలో ‘కిట్టి’ యనబడు సాధన మొకటి ఉండెను. ఒక కొన కలిపి కట్టిన రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్ళనుంచి నిమ్మకాయను పిండినట్లు నొక్కుట దాని పని. తెలుగు జిల్లాలలో దీనికి వేఱొక పేరున్నట్లు నివేదిక చెప్పుచున్నది. ఆంగ్ల లిపిలో వ్రాయబడిన దానినిబట్టి అది ‘చిరత’ కావచ్చును. భజనలో తాళము వేయు చిరతల జతకును దీనికిని ఆకారసామ్య మున్నది. మనిషిని వంచి, మెడకును కాలివ్రేళ్ళకును త్రాడో, వాని పైబట్టయో బిగించి కట్టుటను తమిళమున ‘అణ్ణాందాళ్’ అనిరి. పొగరుబోతు పశువు మెడకును కాలికిని త్రాడు వేయుటకు కూడ ఆ పేరే కలదు.

నేరముల విచారణలో జరిగిన హింస ఇంతకంటె క్రూరమైనది. చేతులు వెనుకకు విఱిచికట్టి వ్రేలాడదీయుట, కాల్చిన ఇనుముతో వాతలు పెట్టుట, బావులలో ఊపిరాడకుండ ముంచుట, నిద్రపోనీయకుండుట, కండ్లలో మిరపకారము చల్లుట మొదలైనవి అందు పేర్కొనబడినవి. ఒక్కొక్కప్పుడు ఇవి ప్రాణము పోవువఱకు సాగెనని సంఘమువారే వ్రాసిరి. శిస్తు హింస తఱచైనది, నేరవిచారణ హింస తీవ్రమైనది అని వారి యభిప్రాయము. ఈ తీవ్రతకు కారణము వెదుకుటకు ఎక్కువ దూరము పోనక్కఱలేదు. కేసు తేలవలెనన్నచో నేరస్థుని ఒప్పుకోలు కావలెను, పోయిన సొత్తు దొరకవలెను. సాక్షులను వెదకి, ఆనవాళ్ళు పరిశీలించి నేరమును తేల్చు శిక్షణ తాసీల్దారునకు లేదు, బంట్రోతునకు అసలే లేదు. పై అధికారికి పంపవలసిన కాగితము ఒప్పుకోలు వాఙ్మూలము. దానిని వ్రాయించుటయే దర్యాప్తు.

అన్యాయము జరిగినవాడు ఎవరితో చెప్పుకొనవలెను? కలెక్టరు దొర వద్దకు పోవలెను. ఆ దొర కచ్చేరీ పలు ఆమడల దూరమున నుండును. పంట పనులు విడిచి, కూలి విడిచి, బత్తెము కట్టుకొని నడిచిపోయి ఆర్జీ ఇచ్చినచో, “తాసీల్దారు విచారించి రిపోర్టు పంపవలెను” అని వ్రాసి దానిని ఆ తాసీల్దారునకే పంపెడివారు. కొట్టినవాడే విచారణకర్త యగును. ఆర్జీదారుడు ఊరికి తిరిగి వచ్చునప్పటికి వాని ఆర్జీ తాసీల్దారు చేతిలో నుండును. దీనిని ఒకసారి చూచినవాడు రెండవ ఆర్జీ పెట్టడు. కావున కలెక్టర్ల దస్త్రములలో హింసను గూర్చిన ఫిర్యాదులు స్వల్పముగా నుండుటయు, ఫిర్యాదులు లేవు గనుక హింస లేదని దొరలు నమ్ముటయు సహజమే. జనులు ఇంటింట చెప్పుకొను మాట దస్త్రమునకు ఎక్కలేదు. దస్త్రమునకు ఎక్కనిది ప్రభుత్వమునకు లేనట్లే.

ఆ మాటను దస్త్రమునకు ఎక్కించినవాడు చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు వర్తక కుటుంబమునకు చెందిన గాజుల లక్ష్మీనరసు శెట్టి. ఆయన 1806లో చెన్నపట్టణముననే జన్మించెను. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు వర్తకుడు. లక్ష్మీనరసు శెట్టి ఆ వ్యాపారమును వృద్ధిచేసి ధనవంతుడై, 1844లో ‘క్రెసెంట్’ అను ఆంగ్ల పత్రికను స్థాపించెను. హార్లీ అను ఆంగ్లేయుడు దానికి సంపాదకుడు. తెలుగు వర్తకుడు తెలుగుపత్రికను గాక ఇంగ్లీషు పత్రికను ఏల నడపెనని కొందఱికి సందేహము కలుగవచ్చును. ఆయన ఎవరితో మాటాడదలచెనో వారు చదువు భాష అది. రైతునకు తన కష్టము తెలియును. దానిని మరల తెలుగులో వానికి వినిపించిన లాభము లేదు.

1852 ఫిబ్రవరిలో ఆయనయు మిత్రులును కలిసి మదరాసు నేటివ్ అసోసియేషన్ అను సంఘమును ఏర్పఱచిరి. మొదట అది కలకత్తాలోని బ్రిటిష్ ఇండియన్ అసోసియేషనునకు శాఖగా నుండి, కొలది కాలములోనే స్వతంత్రమైనది. కుంఫిణీ వారి పట్టా 1853లో పార్లమెంటు ఎదుటికి రావలసి యుండుటచే, ఆ సంఘము 1852 చివరను ఒక సుదీర్ఘమైన మహజరును ఇంగ్లండునకు పంపెను. రైతువారీ శిస్తు భారము, న్యాయస్థానముల దుస్థితి, విద్య, రహదారులు మొదలైన విషయములు అందుండెను. ఈ సంఘమున వర్తకులును, భూస్వాములును ఎక్కువ. సామాన్య రైతు అందు సభ్యుడు కాడు. అయినను రైతు బాధను ముఖ్యాంశముగా నెత్తికొనుట ఆనాటి సంఘములలో అరుదైన విషయము. ధనికుడైన వర్తకునకు తాసీల్దారుతో మంచిగా నుండుటయే లాభకరమని తెలియనిది కాదు.

1853లో పార్లమెంటు సభ్యుడు హెన్రీ డాన్బీ సేమూరు చెన్నపట్టణమునకు వచ్చెను. ఇండియా రిఫారం సొసైటీలో ఆయన ముఖ్యుడు. లక్ష్మీనరసు శెట్టి ఆయనకు అతిథిసత్కారములు చేసి ఊరుకొనలేదు. జిల్లాలలో తిరిగి రైతుల నోట వారి మాట వినునట్లు ఏర్పాటుచేసెను. కలెక్టరు బంగళాలో విడిసి, సిరస్తాదారు తెచ్చిన మనుష్యులతో మాటాడి పోయినచో సేమూరునకు తెలియదగిన దేమియు ఉండెడిది కాదు.

1854 జూలైలో కామన్సు సభలో చెన్నరాజధాని భూమిశిస్తును గూర్చి చర్చ వచ్చినపుడు, శిస్తు వసూలునకై రైతులను హింసించుచున్నారని సేమూరు చెప్పెను. హిందూదేశమున కాపురముండి వచ్చిన సభ్యులు కొందఱు తామట్టిది విననే లేదనిరి. వారు అబద్ధమాడిరని అనుటకు వీలులేదు. పైన చెప్పిన ఆర్జీ మార్గమున ఆ మాట వారి చెవికి చేరు దారి లేదు. అయినను మాట సభలో పుట్టినది గనుక విచారణ తప్పలేదు. లార్డు హారిస్ గవర్నరుగా నుండగా ఆ సంవత్సరము సెప్టెంబరులో ముగ్గురితో విచారణసంఘము నియమింపబడెను. చెన్నపట్టణపు మేజిస్ట్రేటుగా నుండిన ఇ. ఎఫ్. ఎలియట్, సివిలు ఉద్యోగి హెచ్. స్టోక్స్, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్ అందలి సభ్యులు. దేశీయుడొక్కడును లేడు. నార్టన్ మాత్రము కుంఫిణీ న్యాయపరిపాలనను విమర్శించుచు అప్పటికే గ్రంథములు వ్రాసినవాడు. ఆయన లేకున్నచో నివేదిక వేఱువిధముగా నుండెడిదేమో.

సంఘము చెన్నపట్టణమును విడిచి కదలలేదు. జిల్లాలలో ప్రకటనలు పంపి, బాధితులు వచ్చి చెప్పుకొనవచ్చుననియు, వ్రాసి పంపవచ్చుననియు తెలిపిరి. ఉద్యోగులను, మిషనరీలను, వర్తకులను లేఖల మూలమున అడిగిరి. కొలది నెలలలో వచ్చిన ఫిర్యాదులు రెండు వేలకు కొంచెము తక్కువ. వానిలో ఎక్కువ భాగము ఆర్జీలు. స్వయముగా వచ్చి నిలిచినవారును వందలకొలది యుండిరి. రైలుబండి ఇంకను రాని కాలమది. చెన్నరాజధానిలో మొదటి రైలు నడచినది 1856లో. ఈ జనులు దూరపు జిల్లాల నుండి కాలినడకను వచ్చిరి. శిస్తు బాకీ కొన్ని రూపాయలే యుండవచ్చును, అణాలే యుండవచ్చును. దానికై పడిన దెబ్బలను చెప్పుకొనుటకు అంత దూరము నడచిరనగా, వారికి కావలసినది ఆ రూపాయలు మాత్రము కాదు.

ఆ ఫిర్యాదులలో ఒకటి ఇచ్చట చెప్పదగినది. కావేరీ దేశమున కొల్లిడము వంతెన పని జరుగుచుండగా, పలకలు, బొగ్గులు, వంటచెఱకు మొదలైనవి ఉచితముగా తెచ్చి యియ్యవలెనని తాసీల్దారు ఒక బ్రాహ్మణ గృహస్థు నడిగెను. అతడు నిరాకరించెను. పండ్రెండుగురు మనుష్యులు వచ్చి అతనిని పట్టి నానావిధముల బాధించిరి. అతడు సబ్‌కలెక్టరు దొరకు ఆర్జీ ఇచ్చెను. దొర విచారింపక ఆ ఆర్జీని చింపివేసెను. పేదల ఖర్చుమీద వంతెనను చౌకగా ముగించి ప్రభుత్వమువద్ద మంచిపేరు పొందగోరుటయే అందుకు కారణమని ఆ గృహస్థు వ్రాసికొనెను. హింస ఎచ్చట పుట్టుచున్నదో ఇంత స్పష్టముగా నివేదిక వ్రాసిన ముగ్గురును చెప్పలేదు.

వారి నివేదిక 1855 ఏప్రిలులో సిద్ధమైనది. హింస ఉన్నదనియు, శిస్తు వసూలునందును నేరవిచారణ యందును అది వ్యాపించియున్నదనియు నిస్సంకోచముగా ఒప్పుకొనిరి. ఉపశమనము పొందు మార్గములు జనులకు దుర్లభములనియు వ్రాసిరి. అంతవఱకు అది ధైర్యముగల నివేదికయే. కాని దోషము ఎవరిదను ప్రశ్నకు వచ్చునప్పటికి, జనులు మొఱపెట్టునది తమ జాతి ఉద్యోగుల క్రూరత్వమును గూర్చియే గాని ఐరోపీయ అధికారులను గూర్చి కాదని తేల్చిరి. కొల్లిడపు ఆర్జీ వారి పుటలలోనే యున్నది! హెచ్చు శిస్తు విధించినది ఎవరు? ఇంత వసూలు కావలెనని తాసీల్దారును ఒత్తిడి చేసినది ఎవరు? ఆర్జీని కొట్టినవాని చేతికే పంపు పద్ధతి నేర్పఱచినది ఎవరు? ఈ ప్రశ్నలను వారు అడుగలేదు. 1857 సెప్టెంబరులో కారల్ మార్క్సు న్యూయార్కు డైలీ ట్రిబ్యూను పత్రికలో ఈ నివేదికను ఆధారముగా చేసికొని వ్రాయుచు, దోషము పైవారిని దాటిపోదని ఎత్తిచూపెను. బంట్రోతు చేతిలోని కఱ్ఱ ఇట్లు ఆనాటి అమెరికాదేశపు పత్రికకు ఎక్కినది.

అంతమాత్రమున క్రిందివారిని నిర్దోషులని విడుచుటయు న్యాయము కాదు. తెలుగు తాలూకాలలోని తాసీల్దారులలోను, బంట్రోతులలోను, తలారులలోను తెలుగువారు కొల్లలుగా నుండిరి. త్రాడు కట్టినవాడును, కట్టబడినవాడును ఒకే భాషలో మాటాడిరి. లక్ష్మీనరసు శెట్టి పేరు చెప్పుకొని మనవారు గర్వించుట యుక్తమే. ఆయన ఎవరిమీద మొఱ పెట్టెనో వారిలోను మనవారు కలరను సంగతిని మఱచినచో అది చరిత్ర కానేరదు, స్తోత్రమగును.

నివేదిక వలన కలిగిన మొదటి ఫలము 1859 నాటి 24వ ఆక్టు. దాని ప్రకారము చెన్నరాజధానిలో పోలీసువర్గము శిస్తు ఉద్యోగులనుండి వేఱుచేయబడి, ఇన్‌స్పెక్టరు జనరలు అధికారము క్రింద నుంచబడెను. విలియం రాబిన్‌సన్ ఆ వర్గమునకు మొదటి అధిపతి. రెండు సంవత్సరముల పిమ్మట వచ్చిన 1861 నాటి 5వ ఆక్టు ఇట్టి యేర్పాటునే ఇతర ప్రాంతములకు విస్తరింపజేసెను. శిస్తు బాకీకై వ్రేళ్ళు నొక్కుట క్రమముగా అంతరించినది. దీనిని చిన్న మేలుగా తలంపరాదు. కాని క్రొత్త ఠాణాలోనికి జీతగాండ్రుగా వచ్చినవారిలో పాత కచ్చేరీ బంట్రోతులు లేకపోలేదు. వారితో పాత విద్యయు వచ్చినది. 1902లో లార్డు కర్జను నియమించిన ఫ్రేజరు పోలీసు కమీషను మరల దేశమంతయు విచారించి, పోలీసువర్గము అసమర్థమనియు, లంచగొండిదనియు, జనపీడకమనియు వ్రాసెను.

ఆ కాలపు తెలుగుజనుల యభిప్రాయమును నివేదికలలోనే వెదకనక్కఱలేదు. 1897లో ముద్రితమై, 1909లో పెంచి వ్రాయబడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’లో హెడ్డు కనిస్టీబు ఒక పాత్ర. లేని పెండ్లికూతురును చంపినాడని లుబ్ధావధానిపై ఖూనీ కేసు వచ్చుట అందలి కథలో ప్రధానాంశము. చావనివానికి ఖూనీ కేసేమని ప్రేక్షకులు నవ్వుదురు గాని, అట్టి కేసు పుట్టగలదని నమ్ముటకు వారికి ఏ సంకోచమును కలుగలేదు.

లక్ష్మీనరసు శెట్టికి ప్రభుత్వము సి. ఎస్. ఐ. బిరుదము నిచ్చి, 1863లో చెన్నపట్టణ శాసనసభలో సభ్యునిగా నియమించెను. ఆయన యార్జించిన ధనము చాలవఱకు పత్రికకును, సంఘమునకును వ్యయమైనది. 1868లో బీదవాడై మరణించెను. మదరాసు నేటివ్ అసోసియేషను అంతకు ముందే నీరసించి యుండెను.

ఆయన యెత్తిన మొఱ మిగిల్చిన శాశ్వతమైన గుర్తు పోలీసు వర్గములో గాక, సాక్ష్యపు చట్టములో కనబడును. 1861 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 148వ సెక్షనులో, పోలీసు ఉద్యోగి యెదుట చేసిన నేరాంగీకారము ముద్దాయికి విరుద్ధముగా రుజువుకు పనికిరాదని విధింపబడెను. 1872 సాక్ష్యపు చట్టమున అదియే 25వ సెక్షను అయినది. ఇంగ్లండు చట్టములో ఇట్టి సంపూర్ణ నిషేధము లేదు. అచ్చట ఒప్పుకోలు స్వచ్ఛందమా కాదా యని కేసు కేసుకు విచారింతురు. ఇచ్చట విచారణతో పనిలేదు. ఠాణాలో వ్రాయించిన ఒప్పుకోలు ఎట్టిదైనను చెల్లదు. జనుల అపనమ్మకమును ప్రభుత్వమే తన చట్టములో ఒక సెక్షనుగా వ్రాసికొన్నదన్నమాట. చెన్నపట్టణమునకు కాలినడకను వచ్చిన ఫిర్యాదీల మాట ఇంతకంటె పై మెట్టు ఎక్కలేదు.

కాని ఆ నిషేధమునకు ప్రక్కనే ఒక మినహాయింపును చేర్చిరి. ముద్దాయి చెప్పిన మాటనుబట్టి ఏదేని వస్తువు బయటపడినచో, ఆ వస్తువునకు సంబంధించినంతవఱకు ఆ మాట రుజువుకు పనికివచ్చును. పోయిన సొత్తు ఎచ్చటనున్నదో చెప్పించుటకే 1855 నాటి బంట్రోతులు మిరపకారము వాడిరని చెప్పియున్నాము. 1861లో 150వ సెక్షనుగాను, 1872లో 27వ సెక్షనుగాను ఉండిన ఆ మినహాయింపు, 2023లో చేయబడి 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 23వ సెక్షనులోనే, నిషేధమును మినహాయింపును ఒకదాని వెంట నొకటిగా, నిలిచియున్నది.